కొత్తగా పుట్టే పాత కార్లు

2019లో ఒక శనివారం, కారు కొందామని డెట్రాయిట్ దగ్గర మా ఊళ్ళో ఒక షోరూముకి వెళ్ళాం. పదేళ్ళ మా అమ్మాయి పికప్ ట్రక్కుల వరస దగ్గర ఆగిపోయింది. "నాన్నా, రెండిటి మీదా రామ్ 1500 అనే ఉంది. రెండూ ఈ ఏడాదివే. మరి మొహాలు వేరుగా ఉన్నాయేం?" అంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒకదాని మీద "క్లాసిక్" అని రాసి ఉంది. అంటే కిందటి తరం ట్రక్కు అన్నమాట. కొత్త తరం వచ్చేసింది. అయినా పాతదాన్ని కూడా కొత్తగా తయారు చేసి, పక్కనే నిలబెట్టి అమ్ముతున్నారు.

"కొత్తది వచ్చాక పాతది చెయ్యడం ఎందుకు?" అని దాని ప్రశ్న. "చౌక కాబట్టి" అని తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు గాని సగం నిజమే. మిగతా సగం నాకు బాగా తెలియడానికి కారణం మా నాన్నగారు. ముందు లెక్క చెప్పి, తర్వాత ఆయన సంగతికి వస్తాను.

కారు తలుపులు, బానెట్, పైకప్పు అన్నీ రేకుని పెద్ద పెద్ద ప్రెస్సుల్లో పెట్టి, ఉక్కు అచ్చుల మధ్య నొక్కి తీసినవే. జంతికల గొట్టంలో బిళ్ళ మారిస్తే కారప్పూస వచ్చినట్టు, కారు రూపం మారాలంటే ఈ అచ్చులు మారాలి. కాకపోతే ఈ బిళ్ళలు టన్నుల బరువుంటాయి. అచ్చులతో పాటు రేకుల్ని పట్టి ఉంచి అతికే బిగింపులు, డాష్‌బోర్డు పోతపోసే మూసలు, విడిభాగాలు చేసే కంపెనీల దగ్గరుండే పరికరాలు కూడా మార్చాలి. ఈ ఖర్చంతా మొదటి కారు బయటికి రాకముందే అయిపోతుంది. తర్వాత అమ్మే ప్రతి కారు మీదా కొంత కొంత చొప్పున రాబట్టుకోవాలి.

ఇంటి అప్పు కడుతున్న మనందరికీ ఇది తెలిసిన లెక్కే. కొత్త మోడలు అంటే ఇంకా వాయిదాలు కడుతున్న ఇల్లు. పాత మోడలు అంటే అప్పు తీరిపోయిన ఇల్లు. అప్పు తీరిన ఇంటిని తక్కువ అద్దెకిచ్చినా మిగులుతుంది. అందుకే పాత మోడలుని తక్కువ ధరకి అమ్మినా కంపెనీకి గిట్టుబాటవుతుంది.

రెండో కారణం ఫ్యాక్టరీ. కొత్త రామ్ ట్రక్కుని మిషిగన్‌లోనే స్టెర్లింగ్ హైట్స్‌లో మొదలుపెట్టారు. పాతది అక్కడికి దగ్గర్లోనే ఉన్న వారెన్‌లో తయారయ్యేది. కొత్త ఫ్యాక్టరీ మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో నడవదు. మనం కొత్త సాఫ్ట్‌వేర్‌ని ఒక్క రాత్రిలో అందరి మీదా రుద్దకుండా, పాతదాన్ని కొన్నాళ్ళు పక్కన నడిపించినట్టే ఇదీను. అలవాటైన పనివాళ్ళు, నడుస్తున్న యంత్రాలు, కొనేవాళ్ళు ఉండగా పాత ఫ్యాక్టరీని ఎవరూ తొందరపడి మూయరు.

మూడోది కొనేవాడి స్వభావం. అందరికీ కొత్తదనం అక్కర్లేదు. 2004లో షెవర్లే కొత్త మాలిబూ తెచ్చినప్పుడు, పాత మాలిబూకి "క్లాసిక్" అని పేరు మార్చి 2005 వరకూ తయారు చేసింది. అది అద్దెకార్ల కంపెనీల వంటి టోకు కొనుగోలుదార్ల కోసం. మన దేశంలో టాటా ఇండికా 1998లో వచ్చింది. 2008లో ఇండికా విస్టా వచ్చినా పాత ఇండికా ఆగలేదు. ట్యాక్సీవాళ్ళు దాన్ని వదల్లేదు మరి. చివరికి 2018లో ఆగింది. ట్యాక్సీ నడిపేవాడికి కారు ఆగిన రోజు కూడు ఆగిన రోజు. ఏ ఊళ్ళో ఆగినా మరమ్మతు తెలిసిన మెకానిక్, అదే సాయంత్రానికి దొరికే విడిభాగం అతనికి కావాలి.

ఇక్కడ చాలామంది అంబాసిడర్‌ని గుర్తు చేస్తారు. దాని కథ కొంచెం వేరు. 1950ల నాటి ఇంగ్లీషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 వరకూ తయారైంది. కానీ లైసెన్సుల రోజుల్లో అది నిలబడింది కొత్తదాన్ని గెలిచి కాదు, పక్కన కొత్తది పెద్దగా లేక.

నాలుగోది ధరల మెట్లు. కొత్త మోడలు ధర తగ్గిస్తే దాని పరువు పోతుందని కంపెనీ భయం. కింది మెట్టు మీద పాతదాన్ని ఉంచితే, తక్కువ డబ్బున్నవాడు పోటీ కంపెనీకి పోకుండా ఇక్కడే ఆగుతాడు.

ఐదోదే అసలైనది, చట్టం. కొత్త నిబంధన వచ్చినప్పుడు ప్రభుత్వాలు సాధారణంగా రెండు తేదీలు పెడతాయి. కొత్తగా విడుదలయ్యే మోడళ్ళకి ఒక తేదీ, అప్పటికే తయారవుతున్నవాటికి ఇంకో తేదీ. భారతదేశంలో కార్లని గుద్దించి చూసే పరీక్ష నిబంధనలు కొత్త మోడళ్ళకి 2017 అక్టోబరులోనూ, పాతవాటికి 2019 అక్టోబరులోనూ వర్తించాయి. ఆ రెండేళ్ళూ ఒకే షోరూములో ఒకే రోజు కొన్న రెండు కొత్త కార్లకి రెండు రకాల చట్టాలు. ఆ గడువు ముగిసే ముందే, 1984 నుంచి వస్తున్న మారుతి ఓమ్నీ ఆగిపోయింది. బ్రెజిల్‌లో 2014 నుంచి కార్లన్నిటికీ ఎయిర్ బ్యాగులు, చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే బ్రేకులు తప్పనిసరి అన్నారు. యాభై ఏళ్ళకి పైగా అక్కడ తయారైన ఫోక్స్‌వాగన్ కాంబీ వ్యాను 2013 డిసెంబరుతో ఆగింది. చాలాసార్లు పాత మోడలుని ఆపేది కొనేవాడి విసుగు కాదు, చట్టం పెట్టిన గడువు.

ఇక మా నాన్నగారి సంగతి.

2009 సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఆయనకి కారు కొనిపెడదామనుకున్నాను. డిక్కీ ఉన్న కారే కావాలన్నారు. షోరూములో ఒకే కంపెనీవి రెండున్నాయి, పాత తరందీ కొత్త తరందీ. పేరు అనవసరం. నేను కొత్తది, ఎయిర్ బ్యాగులున్నది తీసుకుందామన్నాను. డబ్బు నాదే కాబట్టి మాట కూడా నాదే చెల్లుతుందనుకున్నాను.

"ఒరేయ్, నువ్వు పదిహేను రోజులకి విమానం ఎక్కుతావు. ఇది చెడిపోతే నేను ఎవరి దగ్గరికి పోవాలి? పాతదైతే మన మెకానిక్కు కళ్ళు మూసుకుని విప్పుతాడు" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసులో ఇరవై ఏళ్ళ నాటి ప్రోగ్రాముని మార్చొద్దని మా కస్టమర్లు చెప్పే మాట కూడా ఇదే. అందులో తప్పులున్నా అవి తెలిసిన తప్పులు. పాతదే కొన్నాం. ఆరేళ్ళ పాటు ఆయన మాటే నెగ్గింది. ఒక్క రోజు కూడా దారిలో ఆగలేదు.

2015లో గుంటూరు దారిలో, లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కుని చీకట్లో వెనకనుంచి గుద్దారు. బెల్టు పెట్టుకునే ఉన్నారు. అయినా ఛాతీ స్టీరింగుకి కొట్టుకుని పక్కటెముకలు విరిగాయి, మోకాలు నలిగింది. ఆయన చెప్పినట్టే మెకానిక్ కారుని నాలుగు రోజుల్లో రోడ్డెక్కించాడు. నాన్నగారు లేచి నడవడానికి ఆరు నెలలు పట్టింది. ఆ రోజు నేను కోరిన కారే ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. తప్పు కారుది అని కూడా నేను అనను. కానీ ఆ నాలుగు రోజులు, ఆరు నెలలు అనే లెక్క నన్ను వదల్లేదు.

ఆ మరుసటి ఏడాది, 2016లో, వర్జీనియాలోని హైవే భద్రత బీమా సంస్థ ఒక పరీక్ష చేసి చూపించింది. రెండు నిస్సాన్ కార్లని ఎదురెదురుగా గుద్దించారు. ఒకటి మెక్సికోలో అమ్మే సురు. 1990ల తొలినాళ్ళ రూపమే అయినా పరీక్షకి తెచ్చింది 2015లో తయారైన బండి. రెండోది అమెరికాలో అమ్మే 2016 వెర్సా. వెర్సాలో బొమ్మ డ్రైవరుకి మోకాలి దగ్గర చిన్న దెబ్బలు తగిలే సూచనలు కనిపించాయి. సురులోని బొమ్మకి తగిలినవి ప్రాణాలు తీసే దెబ్బలు. రెండిటికీ మధ్య తయారీ తేడా ఏడాదే. రూపకల్పనలో తేడా ఇరవై ఏళ్ళ పైమాట. సురు తయారీ 2017 మేలో ఆగింది.

పాత మోడళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. అవి లేకపోతే ఎందరో ట్యాక్సీ డ్రైవర్లకి బతుకుతెరువు, ఎన్నో కుటుంబాలకి మొదటి కారు ఉండేవి కావు. స్కూటరు మీద నలుగురు వెళ్ళడం కన్నా పాత రకం కారు వెయ్యి రెట్లు నయం. పైగా ఇప్పుడు పరిస్థితి మారింది. భారతదేశంలో 2021 చివరికల్లా ముందు సీట్లు రెండిటికీ ఎయిర్ బ్యాగులు పాత మోడళ్ళకి కూడా తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశపు సొంత భద్రతా పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, నక్షత్రాలు ఇస్తోంది.

మనలో చాలామందిమి ఇక్కడినుంచి డబ్బు పంపి, అక్కడ అమ్మానాన్నలకి కారు కొనిపెడుతున్నాం. ధర అడుగుతాం, రంగు అడుగుతాం, మైలేజీ అడుగుతాం. ఏ సంవత్సరం బండి అని కూడా అడుగుతాం. కానీ అది తయారైన సంవత్సరం మాత్రమే. ఈ రూపం మొదట ఏ ఏడాది పుట్టింది, ఎయిర్ బ్యాగులు ఎన్ని, గుద్దించి చూసిన పరీక్షలో ఈ మోడలుకే ఏం వచ్చింది అని మరో మూడు ప్రశ్నలు అడగండి. మెకానిక్ సంగతి కూడా అడగండి, ఆ విషయంలో పెద్దవాళ్ళ మాట నిజమే.

నాన్నగారు ఇప్పుడు కారు నడపడం లేదు. నిరుడు మా తమ్ముడు కారు కొంటుంటే ఫోనులో పక్కనుంచి ఆయన గొంతు వినపడింది. "మెకానిక్కు సంగతి నేను చూసుకుంటా గానీ, ముందు ఆ బ్యాగులెన్నున్నాయో అడగరా."