పడవ ఇరుసు బిగిసినప్పుడు

తాడేపల్లిగూడెము మీదుగ ఏలూరునకు సాగు కాలువలో పూర్వము తెరచాప, గడ, లాగుడు త్రాడు పడవలను నడిపించెడివి. ఇంజను పడవకు ఇరుసే ప్రాణము. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటి గ్రామములను ముంచినది. అట్టి వేళ పడవయే దారి. నడి నీటిలో ఇరుసు బిగిసినచో పడవ గాలి వాటమునకు కొట్టుకొనిపోవును. కనుక ఆ చిక్కునకు గల కారణములను, దానిని సరిచేయు విధమును ఇచ్చట వివరింపదలచితిమి.

ఇంజను నుండి ఇరుసు ఒక గొట్టము గుండ వెలుపలికి పోయి పంఖాను త్రిప్పును. గొట్టమునకు లోపలి కొసన గ్లాండు, వెలుపలి కొసన బేరింగు ఉండును. పెక్కు పడవలలో ఈ బేరింగు లోపలి భాగము రబ్బరుతో చేసినది. దానిలో గాడులు ఉండును. ఆ గాడుల వెంట పారు నీరే దానికి నూనె. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు ఒండ్రు గాని, సరస్సులోని నాచు గాని గాడులను మూసినచో నీరు అందదు. రబ్బరు వేడెక్కి ఇరుసును పట్టుకొనును.

ఇరుసు తిరుగనప్పుడు ఇంజనును బలవంతముగ నడుపరాదు, గేరుపెట్టె చెడును. ఇంజను నిలిపి, పడవను గడతో ఒడ్డునకు చేర్చి, ఈ క్రమమున పరీక్షింపవలెను.

మొదట పంఖాను చూడవలెను. వలత్రాడు గాని, గుర్రపుడెక్క గాని చుట్టుకొని యున్నచో కోసి తీయుటతోనే చిక్కు తీరవచ్చును. పిదప గేరును న్యూట్రలులో ఉంచి ఇరుసును చేతితో త్రిప్పవలెను. కదలనిచో గ్లాండు నట్లను కొద్దిగ వదులు చేయవలెను. అప్పుడు తిరిగినచో ప్యాకింగును అతిగ బిగించుటయే దోషము. అప్పటికిని తిరుగనిచో కప్లింగు బోల్టులు విప్పవలెను. ఇరుసు తేలికగ తిరిగినచో దోషము గేరుపెట్టెలోనో, ఇంజను అమరికలోనో కలదు. తిరుగనిచో గొట్టములోనో, బేరింగులోనో కలదు.

పడవ నీటిలో ఉండగా ఇరుసును ఊడలాగరాదు. గొట్టము గుండ నీరు చొచ్చి పడవ మునుగును. గట్టునకు ఎక్కించిన పిమ్మటనే ఆ పని చేయవలెను. క్రొత్త రబ్బరు బేరింగును సబ్బునీటితో అమర్చవలెను, గ్రీజు పూయరాదు. ఇరుసు వంగినదా, అరిగినదా అని చూడనిచో క్రొత్త బేరింగును త్వరలోనే చెడును.

పడవ నీటిలో దిగిన పిదప దాని అడుగు కొంత మారును. కావున ఇంజను, ఇరుసుల వరుసను నీటిలోనే మరల సరిచూడవలెను. 10 సెంటీమీటర్ల కప్లింగునకు రెండు ముఖముల మధ్య సందులోని తేడా 0.1 మిల్లీమీటరు మించరాదు.

ప్యాకింగు త్రాడు వేసిన గ్లాండు నుండి, ఇరుసు తిరుగునప్పుడు, నిమిషమునకు కొన్ని చుక్కలు కారుట మంచిదే. దానిని లోపమని తలచి బిగించుటయే అనేక ఇరుసులకు చేటు. గ్లాండుపై చేయి ఉంచిన వేడి తెలియును; చెవి పెట్టిన గీరుడు వినబడును. అవి తెలిసిన సరంగు నడి నీటిలో చిక్కుపడడు.