వంటలక్కను చంపే హక్కు ఎవరిది?

2022 మార్చిలో స్టార్ మా ఛానల్ ‘కార్తీక దీపం’ సీరియల్లో దీప, కార్తీక్ కారు ప్రమాదంలో చనిపోయారు. కథ ఒక్కసారిగా కొన్నేళ్లు ముందుకు దూకి, ఎదిగిన వాళ్ల కూతుళ్లు హిమ, శౌర్యల చుట్టూ తిరగసాగింది. ప్రేక్షకులు ఒప్పుకోలేదు. ‘వంటలక్క’ దీప, ‘డాక్టర్ బాబు’ కార్తీక్ లేని కార్తీక దీపం మాకొద్దన్నారు. ఆ ఏడాది ఆగస్టుకల్లా ఇద్దరూ బతికే ఉన్నారని కథ మలుపు తిరిగింది. ఆ పాత్రలు వేసిన ప్రేమి విశ్వనాథ్, నిరుపమ్ పరిటాల మళ్లీ తెర మీదికి వచ్చారు.

దీన్ని చూసి చాలామంది నవ్వారు. లేని మనిషి పోయిందని ఏడవడమేమిటి, బతికించమని పట్టుబట్టడమేమిటి అన్నారు. కానీ ఆ ఏడుపు వేరు, ఆ పట్టుదల వేరు. రెండింటికీ మనస్తత్వ శాస్త్రంలో వేర్వేరు కారణాలున్నాయి.

330 గంటల పరిచయం

ముందు దుఃఖం సంగతి. 1956లో అమెరికా పరిశోధకులు డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ ‘పారాసోషల్’ బంధాన్ని వర్ణించారు. తెర మీది మనిషి మనకు బాగా తెలుసు, ఆ మనిషికి మనం తెలియదు. అయినా మన వైపు నుంచి అది స్నేహంలాగే సాగుతుంది. తెలిసిన ముఖం, తెలిసిన గొంతు రోజూ ఒకే వేళకు ఇంట్లోకి వస్తుంటే, ఆ మనిషి గురించి ఆలోచించడం, బెంగపడటం అలవాటవుతుంది. ‘ఇది కథ’ అన్న ఎరుక పోదు. ఎరుక ఉన్నా మమకారం ఆగదు.

ఆ మమకారం ఎంత గట్టిదో లెక్క వేయవచ్చు. కార్తీక దీపం 2017 అక్టోబరులో మొదలైంది. సోమవారం నుంచి శనివారం దాకా రాత్రి ఏడున్నరకు వచ్చేది. దీప చనిపోయేనాటికి వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. ఒక్కోటి ఇరవై నిమిషాలనుకున్నా 330 గంటలు పైమాటే. ఇద్దరు కొత్తవాళ్లు ఆప్తమిత్రులు కావడానికి కలిసి గడిపే సమయం సుమారు 200 గంటలు పడుతుందని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో అంచనా కట్టారు. ఆయన లెక్క నిజమైన స్నేహాల గురించే. అయినా వంటలక్కతో గడిచిన కాలం చిన్నది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పైగా దీప ఎలాంటి మనిషి? నల్లగా ఉందని చిన్నచూపుకు గురైంది. భర్త అనుమానిస్తే ఇల్లు విడిచి, వంటలు చేసి బిడ్డను పెంచుకుంది. గుంటూరు పక్కనున్న నల్లపాడు చుట్టుపక్కల పొద్దంతా మిరపకాయలు కోసి, ముచ్చికలు తీసి, ఘాటుకు మండే చేతులతో ఇల్లు చేరే ఆడవాళ్లకు ఆ బతుకు పరాయిది కాదు. పాత్రలో తమను తాము చూసుకునే ఈ గుణం బంధాన్ని ఇంకా బిగిస్తుంది.

బంధం తెగితే బాధ తప్పదు. జొనాథన్ కోహెన్ 2004లో ఇజ్రాయెల్ ప్రేక్షకులపై ఒక అధ్యయనం ప్రచురించారు. అభిమాన పాత్ర ఇక రాదంటే, నిజ జీవితంలోనూ అయినవాళ్లు దూరమవుతారేమోనని కలత పడే స్వభావం ఉన్నవాళ్లు ఎక్కువ బాధను ఊహించుకున్నారు. ‘ఫ్రెండ్స్’ సీరియల్ 2004లో ముగిశాక కెరెన్ ఐయల్‌తో కలిసి చేసిన మరో పరిశోధనలో, ఈ ఎడబాటు బాధ నిజమైన ఎడబాటు కంటే తేలికగానే ఉంటుందని తేలింది. మన దగ్గరే చూడండి, 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటలను ఊడ్చేసింది. ఆ కష్టానికీ దీప కోసం పడ్డ దిగులుకూ తేడా తెలియనివాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. చిన్న దుఃఖమైనా అది దుఃఖమే. దాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు.

‘మాది’ అనే భావన

ఇక పట్టుదల. జాన్ పియర్స్, ఆయన సహచరులు 2001లో ‘మానసిక యాజమాన్యం’ అనే సిద్ధాంతాన్ని వివరించారు. కాగితం మీద మనది కాని వస్తువు మూడు దారుల్లో మనదనిపిస్తుంది: దాని మీద అదుపు ఉండటం, దాన్ని లోతుగా తెలుసుకోవడం, దాని కోసం మనల్ని మనం వెచ్చించడం. పట్టా వేరొకరి పేర ఉన్నా, ఏళ్లుగా దున్నిన కౌలు రైతు ఆ చేనును ‘మా చేను’ అనే అంటాడు. ప్రేక్షకులు కథను లోతుగా ఎరుగుదురు, ఏళ్ల సాయంత్రాలు దానికిచ్చారు. లేనిదల్లా అదుపు. అభిమాన పాత్ర చావుతో ఆ లోటు ఒక్కసారిగా బయటపడుతుంది. చేతిలోంచి ఏదైనా లాగేసుకుంటే దాని మీద ఆశ రెట్టింపవుతుందని జాక్ బ్రెమ్ 1966లోనే చెప్పారు.

ఇది తెలుగువాళ్ల ప్రత్యేకతేమీ కాదు. 1893లో ఆర్థర్ కోనన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ను చంపితే పాఠకులు భగ్గుమన్నారు. 1903లో ఆయన హోమ్స్‌ను బతికించక తప్పలేదు. 2001లో హిందీ సీరియల్ ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో నాయకుడు మిహిర్ చనిపోతే దేశమంతా గోల చేసి వెనక్కి రప్పించుకుంది.

బాలచంద్రుణ్ణి ఎవరూ బతికించమనరు

అయితే ప్రతి చావుకూ మనవాళ్లు ఇలా ఎదురు తిరగరు. నల్లపాడు జంక్షన్ నుంచి నడికుడి వైపు రైలెక్కితే పల్నాడు వస్తుంది. అక్కడి కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ అయిదు రోజులు 12వ శతాబ్దపు యుద్ధం మళ్లీ నడుస్తుంది. ఆ యుద్ధంలో వీరుడు బాలచంద్రుడు చనిపోతాడని పసిపిల్లలకూ తెలుసు. కళ్లు చెమరుస్తాయి గానీ కథ మార్చమని ఎవరూ అడగరు.

తేడా ఎక్కడుంది? ఆ కథ ఎప్పుడో ముగిసింది, దాన్ని మార్చగల చెయ్యి లేదు. పైగా ఆ చావు కథలోంచే పుట్టింది. పంతం, పౌరుషం, పోరు అక్కడికే నడిపాయి. సీరియల్ కథను ఇంకా ఎవరో రాస్తూనే ఉన్నారు. వారం వారం వచ్చే టీఆర్పీ అంకెలే దాని నడకను తేలుస్తాయని ప్రేక్షకులకు తెలుసు. కథకు అవసరమై కాక, తరం మార్చడానికి చంపారని అనిపించినప్పుడు బాధ కోపమవుతుంది. అడిగితే మారుతుందన్న నమ్మకం ఆ కోపాన్ని హక్కుగా మారుస్తుంది. మిహిర్, దీప తిరిగి రావడంతో ఆ నమ్మకం ఇంకా బలపడింది.

ఆ హక్కుకు హద్దుంది. నచ్చలేదని చెప్పవచ్చు, చూడటం మానేయవచ్చు. నటీనటులను తిట్టడం, విలన్ వేషం వేసిన అమ్మాయిని వీధిలో నిలదీయడం తప్పు. వాళ్లు రాసింది చెప్పేవాళ్లే. రాసేవాళ్లకూ బాధ్యత ఉంది. చంపి మళ్లీ బతికించే ప్రతిసారీ, తర్వాతి చావును నమ్మే శక్తి ప్రేక్షకుల్లో కొంత చస్తుంది. వందల సాయంత్రాలు తమకిచ్చిన జనానికి రచయితలు చేయగల మర్యాద ఒకటే: చావు కథ కోరితేనే చంపాలి, చంపాక ఆ మాట మీద నిలబడాలి.