తాత అంబాసిడర్‌కి ఏ బీడింగు వెయ్యాలి?

మ్యాట్ ఎత్తితే కింద నేల కనిపించింది. కారు నేల కాదు, తర్లుపాడులో మా ఇంటి ముందున్న మట్టి నేల!

1989లో తాత కొన్న ముదురు నీలం డీజిల్ అంబాసిడర్ అది. ఆయన పోయాక నాలుగేళ్లు వేపచెట్టు కిందే ఉండిపోయింది. బయటికి బాగానే ఉంది. లోపల మాత్రం ఎడమవైపు ముందు సీటు కింద రేకంతా తుప్పు తినేసింది. మార్కాపురంలో టింకరింగ్ చేసే భాయ్‌ని పిలిపించాం. ఆయన రేకు వంక చూడను కూడా లేదు. తలుపు అంచున ఉన్న రబ్బరుని గోటితో గిల్లాడు. ఎండిన రొట్టెలా పుటుక్కున విరిగింది.

"రేకుని తిన్నది వాన కాదు బాబూ, ఇదిగో ఇది" అన్నాడు.

కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయించడానికి 14 వేలు అయింది. నాన్న ఒకటే మాట చెప్పాడు: "ఇంకోసారి తుప్పు పట్టిందంటే పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తా. మళ్లీ నన్నడగొద్దు." అంటే తాత కారు ఉండాలా పోవాలా అన్నది ఇప్పుడు నా చేతిలో ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నేను కొనబోయే రబ్బరు పట్టీ మీద ఉంది.

నేనుండేది హైదరాబాద్‌లో, చేసేది కోడింగ్. కాబట్టి అలవాటు ప్రకారం ముందు ఆన్‌లైన్‌లో వెతికాను. "అన్ని అంబాసిడర్లకీ సరిపోతుంది" అని రాసుంది. ఆ మాట నమ్మి నాలుగు తలుపులకీ సెట్టు తెప్పించా. కంపాటిబుల్ అని రాస్తే నమ్మకూడదని ఆఫీసులో రోజూ జూనియర్లకి చెప్పేవాణ్ని, నేనే నమ్మా.

వచ్చింది గట్టి రబ్బరు. అతికించాక తలుపు పడలేదు. భుజంతో నెట్టి వేస్తే లాక్ పట్టింది కానీ, రెండు రోజులకి కీలు దగ్గర తలుపు కిందికి జారింది. భాయ్ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

అప్పుడు నేర్పాడు ఆయన, అసలు కొలవాల్సింది కారు పేరుని కాదు, ఖాళీని అని. అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైను. 1958 నుంచి 2014 దాకా హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారలో తయారు చేసింది. దానికి తోడు ముప్ఫై ఐదేళ్లలో మా కారు తలుపులు ఎన్నిసార్లు ఊడాయో, ఎన్ని సుత్తి దెబ్బలు తిన్నాయో ఎవరికి తెలుసు? ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కన పెట్టినా ఇప్పుడు సందులు ఒకేలా ఉండవు.

కొలవడానికి ఖరీదైన సామానేం అక్కర్లేదు. పాత రబ్బరంతా గీకేసి, అవ్వ దగ్గర చపాతీ పిండి ముద్ద అడిగా. చిన్న చిన్న ఉండలు చేసి, పైన కవరు ముక్క చుట్టి, తలుపు చుట్టూ జానెడు దూరానికొకటి అంటించాం. తలుపు మెల్లగా వేసి తీస్తే ఉండలు అణిగిపోయి ఉన్నాయి. ఆ మందమే మీ ఖాళీ. మాకు కీలు వైపు 6 మిల్లీమీటర్లు, లాక్ వైపు 12 వచ్చింది. ఇంత తేడా ఉంటే ఏ రబ్బరూ పనిచెయ్యదు. అందుకే ముందు కీళ్లు, లాక్ పట్టే కొక్కెం సర్ది, ఆ తర్వాతే రబ్బరు కొనాలి. సర్దాక 8 నుంచి 10 మధ్యకి వచ్చింది.

ఇక లెక్క సులువే. తలుపుకి కావాల్సింది స్పాంజి రబ్బరు. అది మూసినప్పుడు దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా అణగాలి. తక్కువ అణిగితే నీళ్లు వస్తాయి, మరీ ఎక్కువైతే తలుపు పడదు. 13 మిల్లీమీటర్ల గొట్టం లాంటి బీడింగు తీసుకుంటే 10 దగ్గర 23 శాతం, 8 దగ్గర 38 శాతం అణుగుతుంది. రెండోది కాస్త ఎక్కువే, కానీ స్పాంజి కాబట్టి సర్దుకుంది. నేను మొదట కొన్న గట్టి రబ్బరు అసలు తలుపుకి వాడేది కాదట. అలాంటిది అద్దాల చుట్టూ వేస్తారు.

కొనడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్లా. అక్కడొక కౌంటర్లో "ఒరిజినల్ సార్, కంపెనీ పీసు, సీలు కూడా తియ్యలేదు" అంటూ దుమ్ము పట్టిన ప్యాకెట్ చూపించారు. నిజమే అయ్యుండొచ్చు. చేతులు ఆగలేదు నాకు. కానీ మడిస్తే మడత మీద సన్నటి గీతలు! రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాల్లో ఉండే ఓజోన్, వేడి దాన్ని ప్యాకెట్లోనే తినేస్తాయి. బంపర్, హారన్, మీటర్ల లాంటివి ఒరిజినల్ కోసం వెతకండి, తప్పులేదు. రబ్బరు మాత్రం కొత్తగా తయారైందే కొనండి. (వింటేజ్ కార్లు అసలు రూపంలోనే ఉండాలని 2021 కేంద్ర నిబంధనలు అంటాయి కదా అంటారేమో. అవి 50 ఏళ్లు దాటిన బండ్లకి. మావాడికి 2039 దాకా టైముంది.)

మెటీరియల్ విషయానికొస్తే, మన ఎండలకి ఈపీడీఎం. మా వైపు మే నెల ఎండ, మార్కాపురం పలకల దుమ్ము తెలిసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. మామూలు రబ్బరు ఎండకి పగుళ్లిస్తుంది, చవక పీవీసీ గట్టిపడుతుంది, ఈపీడీఎం చాలా ఏళ్లు తట్టుకుంటుంది. దానికి పడనిది నూనె. పెట్రోలు, డీజిల్, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కానీ మన దగ్గర చేసేదేమిటి? సర్వీసుకి ఇస్తే నిగనిగలాడాలని డీజిల్ గుడ్డతో బీడింగు తుడిచి ఇస్తారు! వద్దని చెప్పండి. సబ్బునీళ్లు, ఆ తర్వాత కాస్త సిలికాన్ స్ప్రే చాలు.

డిక్కీ రబ్బరుని చాలామంది పట్టించుకోరు, బ్యాగులు తడవడం తప్ప ఏముందిలే అని. అక్కడ సందు ఉంటే సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. మేం దాన్నీ మార్చాం.

అతికించేటప్పుడు నేను చెయ్యబోయిన తప్పు, లాగి అంటించడం. లాగితే నీటుగా కనిపిస్తుంది, నెల తిరిగేసరికి అది వెనక్కి ముడుచుకుని మూలల్లో సందు వదిలేస్తుంది. వదులుగా పరిచి, మూలల దగ్గర కాస్త లోపలికి నెట్టి అంటించాలి. తలుపు అడుగున ఉండే చిన్న చిన్న రంధ్రాల్ని మాత్రం గమ్‌తో మూసెయ్యొద్దు. కిటికీ అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీళ్లు దిగడం మామూలే, అవి పోయే దారి అదే. అది మూస్తే తలుపు లోపలి నుంచి కుళ్లుతుంది.

పరీక్ష మా ఊరి పద్ధతిలో చేశాం. బలపం అరగదీసి ఆ పొడి రబ్బరుకి రాసి, తలుపు వేసి తీశాం. నీలం పెయింటు మీద తెల్లటి గీత పడింది. ముందు తలుపులో పైమూల దగ్గర బెత్తెడు మేర గీత లేదు. అక్కడ రబ్బరు కింద సన్నటి ముక్క పెట్టి మళ్లీ చూస్తే గీత కలిసింది.

పోయిన నెల రాత్రి వాన పడింది. నాన్న ఏమీ అనకుండా వెళ్లి నాలుగు మ్యాట్ల కింద న్యూస్‌పేపర్ పరిచి వచ్చాడు. పొద్దున్నే ఆయనే తీశాడు. మూడు పొడిగా ఉన్నాయి. డ్రైవర్ వైపుది తడిసింది. నా గుండె జారింది. భాయ్‌కి వీడియో కాల్ చేస్తే, టార్చి వేసి డ్యాష్‌బోర్డు కింద చూడమన్నాడు. పైనుంచి సన్నగా చుక్కలు. ముందు అద్దం రబ్బరు పాతదే కదా, అక్కడ దిగిన నీళ్లు డ్యాష్‌బోర్డు వెనకనుంచి నేలకి చేరుతున్నాయి. తలుపుది తప్పే లేదు.

ఆ రబ్బరు ఆర్డర్ పెట్టా, ఈసారి గట్టిదే. దాని గాడిలో తాడు దూర్చి, సబ్బునీళ్లు రాసి, ఒకరు బయటినుంచి అద్దం అదిమితే ఇంకొకరు లోపలినుంచి తాడు లాగాలి. తాడు లాగేది తనేనని నాన్న అప్పుడే చెప్పేశాడు.