నొప్పులకు ముందే కొండ దిగాలి

సాలూరు: కొండమీది ఊళ్లలో నిండు చూలాలిని డోలీలో దించడం కొత్త కాదు. 2005లో మొదలైన 108 బండి రోడ్డున్నంత దూరమే వస్తుంది. ఆపైన మోయవలసింది మనుషులే. వాగు పొంగితే అదీ లేదు. అందుకే గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం 2018లో సాలూరులో వసతి గృహం తెరిచారు. కాన్పుకు ముందుగానే వచ్చి ఉండాలన్నది ఉద్దేశం. అయితే ఇల్లు, మేకలు, పెద్దపిల్లలు ఎవరి పాలబడాలన్నదే చిక్కు. ఈ సంగతి మగవారు ఏడో నెలలోనే తేల్చుకోవాలి.

మాతా శిశు సంరక్షణ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఉతికి ఎండబెట్టిన పాత నూలుబట్టలు ఒక సంచిలో సర్ది ఉంచాలి. రక్తం ఇవ్వగల ఇద్దరిని ముందే మాట్లాడుకోవాలి. రక్తమిస్తే నీరసిస్తామని కట్టుకున్నవాడే వెనక్కి తగ్గడం విచారకరం.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. తోడు వెళ్లే అత్తలకు ఒక మాట: ముర్రుపాలు పిండి పారబోయకండి. పుట్టిన గంటలోగా బిడ్డకు అవే పట్టించాలి.