గతుకుల దారికి గాలి చక్రం

సైకిల్ బరువునూ, దాని మీద కూర్చున్న మనిషి బరువునూ మోసేది టైరు లోపలి గాలి. రబ్బరూ, దాని అడుగున ఉన్న దారపు అల్లికా ఆ గాలిని పట్టి ఉంచుతాయి. ఎంత గాలి ఉండాలి, అది ఎంత ఒత్తిడిలో ఉండాలి అన్నది దారిని బట్టి మారుతుంది. నున్నటి తారురోడ్డు మీద హాయిగా సాగే సన్నని, గట్టి టైరు కంకరదారిలో బండినీ మనిషినీ కుదిపి పారేస్తుంది. వేల కిలోమీటర్ల మట్టిదారుల్ని దాటించే నేటి టైరు వెనక దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉంది.

గాలి చక్రానికి తొలి పేటెంటు 1845లో స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థాంసన్ పొందాడు. అప్పటికి పెడళ్ల సైకిల్ వాడుకలోకి రాలేదు. అతని ఆలోచన గుర్రపు బగ్గీల కోసం. రబ్బరు పట్టించిన గుడ్డతో గొట్టం చేసి, గాలి నింపి, పైన తోలు తొడిగాడు. 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో అలాంటి చక్రాల బండిని నడిపి చూపించాడు. బండి తేలిగ్గా, చప్పుడు లేకుండా కదిలింది. అయినా ఖర్చు ఎక్కువ కావడంతో ఆ చక్రం వాడుకలో నిలవలేదు. 1860లలో వచ్చిన పెడళ్ల సైకిళ్లు ఇనపపట్టా బిగించిన చెక్క చక్రాల మీద నడిచాయి. తర్వాత పట్టా స్థానంలో గట్టి రబ్బరు వచ్చింది గానీ కుదుపు తీరలేదు.

గాలి చక్రాన్ని రెండోసారి కనిపెట్టినవాడు బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బోయిడ్ డన్‌లప్. థాంసన్ పేటెంటు సంగతి అతనికి తెలియదు. 1887లో కొడుకు మూడు చక్రాల సైకిల్ సాఫీగా నడవాలని ప్రయత్నం మొదలుపెట్టాడు. పల్చని రబ్బరు గొట్టాన్ని ఒక చెక్క బిళ్ల చుట్టూ అమర్చి, పైన నారగుడ్డ బిగించి, గాలి కొట్టాడు. ఆ బిళ్లనూ, గట్టి రబ్బరు వేసిన మామూలు చక్రాన్నీ ఇంటి పెరట్లో ఒకదాని తర్వాత ఒకటి దొర్లించాడు. మామూలు చక్రం మధ్యలోనే పడిపోయింది. గాలి బిళ్ల పెరడంతా దాటి గేటుకు కొట్టుకుని వెనక్కి తుళ్లింది. 1888లో పేటెంటు వచ్చింది. మరుసటి ఏడు బెల్‌ఫాస్ట్ పోటీల్లో విల్లీ హ్యూమ్ ఆ టైర్లతో గెలిచేసరికి గట్టి రబ్బరుకు కాలం చెల్లింది. థాంసన్ పాత పేటెంటు బయటపడడంతో డన్‌లప్ పేటెంటు తర్వాత చెల్లలేదు. టైరు మాత్రం నిలిచింది.

డన్‌లప్ టైరును చక్రానికి అతికించేవారు. ముల్లు గుచ్చుకుంటే విప్పి, అతికించి, ఆరబెట్టడానికి గంటలు పట్టేది. దూర ప్రయాణానికి ఇది పెద్ద అడ్డంకి. ఫ్రాన్సులో క్లెర్మాఁ ఫెరాఁ పట్టణానికి చెందిన మిషెలిన్ సోదరులు 1891లో విప్పి తీయగల టైరు తెచ్చారు. ఆ ఏడాదే పారిస్ నుంచి బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగొచ్చే సుమారు 1,200 కిలోమీటర్ల పోటీని షార్ల్ తెరాఁ ఆ టైర్లతో 72 గంటలలోపే పూర్తిచేసి గెలిచాడు. అప్పట్లో ఆ దారంతా మట్టీ కంకరే. పంక్చరును దారి పక్కనే బాగుచేసుకుని సాగిపోవడం అప్పటి నుంచి సాధ్యపడింది.

1897లో అమెరికా సైన్యం మరో పరీక్ష పెట్టింది. లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వంలో 25వ పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు మోంటానాలోని ఫోర్ట్ మిజూలా నుంచి సెయింట్ లూయిస్‌కు దాదాపు 3,000 కిలోమీటర్లు సైకిళ్ల మీద వెళ్లారు. వానలకు తడిసిన జిగట మట్టి చక్రాలకు చుట్టుకుని బండ్లను కదలనివ్వలేదు. చాలాచోట్ల రైలు పట్టాల వెంబడి సైకిళ్లను నెట్టుకుంటూ నడవాల్సి వచ్చింది. చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఖాళీ ఎంత ముఖ్యమో ఆ ప్రయాణం చూపించింది.

రోడ్లు బాగుపడిన కొద్దీ పందేల సైకిళ్ల టైర్లు సన్నబడ్డాయి. లావు టైరు 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ పిల్లల సైకిళ్లతో తిరిగొచ్చింది. దాని కొలత 26 × 2.125 అంగుళాలు, గాలి ఒత్తిడి తక్కువ. 1970లలో కాలిఫోర్నియాలోని టమల్‌పాయిస్ కొండ వాలు మీద మట్టిదారిలో పందేలు వేసుకున్న కుర్రాళ్లు ఏరికోరి ఆ పాత ష్విన్ సైకిళ్లనే పట్టుకొచ్చారు. రాళ్ల మీద ఆ లావు టైర్లు తట్టుకున్నట్టు మరేవీ తట్టుకోలేదు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ వంటివారి చేతుల్లో ఆ బండే మౌంటెన్ బైక్‌గా మారింది.

నేడు దూరపు మట్టిదారి అంటే ముందుగా గుర్తొచ్చేది ఉత్తర అమెరికాలోని గ్రేట్ డివైడ్ మార్గం. 1990లలో అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ దీనికి పటాలు వేసింది. 2008లో మొదలైన టూర్ డివైడ్ పోటీ ఈ దారి మీదే, కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దులోని యాంటెలోప్ వెల్స్ దాకా సుమారు 4,400 కిలోమీటర్లు సాగుతుంది. అడవి బాటలు, కంకర, సిమెంటు రేకు మడతల్లా అడ్డంగా గట్లు కట్టిన మట్టిరోడ్లు, వానొస్తే జిగురయ్యే బంకమన్ను ఈ దారిలో వంతులవారీగా ఎదురవుతాయి. టైరు ఎంపికకు ఇది మంచి ఉదాహరణ.

మొదట తేల్చుకోవాల్సింది వెడల్పు. గట్టి టైరు రాయి తగిలినప్పుడల్లా బండిని పైకి ఎగరేస్తుంది. ముందుకు పోవాల్సిన శక్తి కొంత ఆ ఎగుడుదిగుళ్లలో, ఒళ్లు అదరడంలో ఖర్చయిపోతుంది. మెత్తని టైరు రాయి మేరకు లోపలికి నొక్కుకుని, బండిని నేరుగా సాగనిస్తుంది. అందుకే గతుకుల్లో మెత్తని టైరే వేగంగా పోతుంది. సామానుతో కలిపి మొత్తం బరువు 100 కిలోలైతే, వెనక చక్రం మీద సుమారు 60 కిలోలు పడతాయి. 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కన ఒత్తిడి) గాలి ఉన్న టైరు నేలను సుమారు 14 చదరపు సెంటీమీటర్ల మేర తాకుతుంది. 20 పీఎస్‌ఐ అయితే ఆ మేర 43 దాకా పెరుగుతుంది. ఇసుకలో దిగబడకపోవడానికీ, వాలులో జారకపోవడానికీ ఇదే ఆధారం. అయితే సన్నని టైరులో ఇంత తక్కువ గాలి ఉంటే రిమ్ము నేరుగా రాయికి తగులుతుంది. తక్కువ ఒత్తిడి కావాలంటే టైరు లావుగా ఉండాలి. గ్రేట్ డివైడ్ వంటి దారికి 2.1 నుంచి 2.4 అంగుళాల వెడల్పు సాధారణం.

వెడల్పుకు హద్దు ఫ్రేము దగ్గర ఉంటుంది. టైరుకు రెండు పక్కలా ఖాళీ లేకపోతే బురద చిక్కుకుని చక్రం ఆగిపోతుంది.

తర్వాతది పైనున్న బొడిపెల అమరిక. ఎత్తయిన బొడిపెలు వదులు మట్టిలో పట్టునిస్తాయి, గట్టి నేల మీద వంగుతూ శక్తిని తింటాయి. ఎక్కువ భాగం గట్టి కంకరైన దూర ప్రయాణానికి నడుమ పొట్టి బొడిపెలు దగ్గరదగ్గరగా, అంచుల్లో కాస్త ఎత్తయినవి ఉన్న టైరు సరిపోతుంది. నడుమ భాగం తేలిగ్గా దొర్లుతుంది, మలుపులో అంచులు పట్టుకుంటాయి.

టైరు గుణం చాలావరకు దాని దారపు అల్లికలో ఉంటుంది. అంగుళానికి 120 పోగులున్న అల్లిక పల్చగా, తేలిగ్గా వంగుతుంది. 60 పోగులది బరువైనా కోతలకు బాగా ఓర్చుకుంటుంది. పదునైన రాళ్లున్న చోట పక్కగోడలకు అదనపు పొర ఉన్న టైరు మేలు.

ముళ్ల సంగతి వేరు. తెలుగునాట చేలగట్ల మీద కనిపించే పల్లేరు మొక్క అమెరికా నైరుతి రాష్ట్రాల్లోనూ పాకింది. న్యూ మెక్సికోలో సైకిళ్లకు దీని కాయల బెడద ఎక్కువ. ట్యూబున్న చక్రానికి ఒక్కొక్క కాయా ఒక్కొక్క పంక్చరే. దీనికి విరుగుడు 1999లో మౌంటెన్ బైకులకు వచ్చిన ట్యూబ్‌లెస్ టైరు, దానిలో పోసే సీలెంట్. రబ్బరు పాలలో సన్నని రేణువులు కలిపిన ఈ ద్రవం చక్రం తిరుగుతుంటే లోపలంతా పరుచుకుంటుంది. ముల్లు గుచ్చుకోగానే బయటికి తోసుకొచ్చే గాలితో పాటు చిల్లులోకి చేరి, గడ్డకట్టి దాన్ని పూడుస్తుంది. ట్యూబు లేనందున, అది రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి చిల్లులు పడే బాధ కూడా ఉండదు. సీలెంట్ కొన్ని నెలల్లో ఎండిపోతుంది, వేడి ప్రాంతాల్లో మరీ త్వరగా. మళ్లీ పోస్తుండాలి. పెద్ద కోతకు దూర్చే రబ్బరు పట్టీలు, పక్కగోడ చిరిగితే కుట్టడానికి సూదీ దారం, ఒక మామూలు ట్యూబు దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి.

కొనేటప్పుడు అంగుళాల లెక్కను నమ్మకూడదు. టైరు పక్కన 57-622 వంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. మన ఊళ్లలో తిరిగే నల్ల సైకిల్‌కు వేసే 28 × 1½ టైరు రిమ్ము వ్యాసం 635. 29 అంగుళాల మౌంటెన్ బైక్ టైరుది 622. పేరుకు పెద్దదైన టైరు నిజానికి చిన్న రిమ్ముకు చెందింది. ఒకటి మరొకదానికి పట్టదు.

చివరిది గాలి. బరువు పడినప్పుడు టైరు తన ఎత్తులో సుమారు 15 శాతం కుంగేలా గాలి ఉండాలన్నది సైకిల్ సాంకేతిక విషయాల రచయిత ఫ్రాంక్ బెర్టో సూచించిన కొలత. మట్టిదారికి దీన్ని మొదటి అంచనాగా తీసుకుని, రిమ్ము తగలనంత వరకు తగ్గించుకోవచ్చు. వెనక బరువెక్కువ కనుక అక్కడ రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ కావాలి. ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. బాన్ఫ్ దాదాపు 1,400 మీటర్ల ఎత్తులో ఉంటే, కొలరాడోలోని ఇండియానా కనుమ 3,600 మీటర్లు దాటుతుంది. అక్కడ బయటి గాలి పల్చన కావడంతో, ఉష్ణోగ్రత మారకపోయినా టైరు సుమారు 3 పీఎస్‌ఐ మేర బిగుసుకుంటుంది. అంత గాలి వదిలితే మునుపటి మెత్తదనం వస్తుంది.

ఎక్కువ బరువూ, పెడలు తోపూ వెనక టైరు మీదే పడడం వల్ల అది ముందుగా అరుగుతుంది. నడుమ బొడిపెలు చదునైనప్పుడు ముందరి టైరును వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయడం మంచి పద్ధతి. మలుపులో జారకుండా కాపాడేది ముందు చక్రం కాబట్టి మంచి టైరు ఎప్పుడూ అక్కడే ఉండాలి.