బిగుసుకొన్న స్టీరింగు

తాతగారి అంబాసిడర్లో పెళ్లివారిని ఎక్కించుకొని పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు వెళుతున్నారనుకోండి. మలుపులో స్టీరింగు తిరగనని మొరాయించింది! దేవుడు చల్లగా చూసి బండి ఆగితే, ఇక దానిని నడపకండి. బలవంతంగా తిప్పడం, సుత్తితో మోదడం అసలే వద్దు.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందూస్థాన్ మోటార్సువారు చేసిన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. కనుక ఉన్న బండిని కాపాడుకోవలసిందే.

ముందు లోపం ఎక్కడున్నదో తేలాలి. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు చక్రాలను జాకీతో లేపి, స్టాండ్లమీద నిలిపి తిప్పండి. తేలికగా తిరిగితే టైర్లలో గాలి చాలలేదేమో చూసుకోండి. అప్పటికీ బిగువైతే ప్రొద్దుటూరు మేస్త్రీ చేత స్టీరింగు కడ్డీని కింది ర్యాకునుంచి విడదీయించండి. కడ్డీ తిరగకపోతే దాని బుష్షుది దోషం. ర్యాకు కదలకపోతే రబ్బరు తొడుగులు చూడాలి. అవి చిరిగితే నూనె కారిపోయి, మన నాపరాళ్ల దుమ్ము లోపలచేరి పండ్లను అరగదీస్తుంది. రెండూ బాగుంటే చక్రాల పిన్నులకు గ్రీజు అందలేదన్నమాట.

బిగించిన తరువాత ఖాళీ మైదానంలో నడిపి చూడండి. పిల్లలను ఆ పిమ్మటే ఎక్కించుకోవాలి.