అన్నం తినిపించే చేతికి అరగంట

మధ్యాహ్నం రెండున్నర. పక్షవాతంతో మంచం పట్టిన మీ నాన్నగారి భోజనం ఎప్పుడో అయిపోయింది. మింగడం కష్టం కాబట్టి మెత్తగా కలిపి, ఒక్కో చెంచా నోట్లో పెట్టి, మింగారో లేదో చూసి మళ్లీ పెట్టాలి. దానికే ముప్పావుగంట. పొలమారకుండా తిన్నాక మరో అరగంట కూర్చోబెట్టాలి. తర్వాత నోరు శుభ్రం చేయాలి, మాత్రలు వేయాలి, డైపర్ మార్చి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇవన్నీ చేసిన కేర్‌టేకర్ పొద్దున తెచ్చుకున్న బాక్సు ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. మూత తీసేసరికి గదిలోంచి మళ్లీ పిలుపు!

పెద్దవాళ్లు ఎప్పుడు తిన్నారో, ఎంత తిన్నారో మనం జాగ్రత్తగా రాసిపెట్టుకుంటాం. మరి వాళ్లకు తినిపించే మనిషి ఎప్పుడు తిన్నదో ఎప్పుడైనా గమనించారా?

ఖాళీయా... కాపలానా?

‘ఆయన పడుకున్నాక ఆమెకు పనేముంది, ఖాళీయేగా’ అని చాలామంది అంటుంటారు. చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఆ సమయంలో ఆమె గది వదిలి వెళ్లొచ్చా? పెద్దాయన పిలిస్తే ఇంకెవరైనా పలుకుతారా? ‘లేదు’ అన్నదే జవాబైతే ఆమె విశ్రాంతిలో లేనట్టే. కాపలా కాస్తున్నట్టు. కాపలా కూడా డ్యూటీయే.

ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించకూడదనీ, ఈలోపు కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అది ఇళ్లకు వర్తించేది కాదు. కానీ యంత్రం దగ్గర నిలబడే మనిషికి అవసరమైన అరగంట, మంచం దగ్గర నిలబడే మనిషికి అక్కర్లేదా? నర్సింగ్ సిబ్బందికి తగినంత భోజన విరామం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే సిఫార్సు చేసింది. పని గురించి సూచనలు తీసుకోవడానికి, అప్పగించడానికి పట్టే సమయాన్ని కూడా పని గంటల్లోనే లెక్కించాలంది.

ఇరవై నిమిషాల లెక్క

ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు షిఫ్టు అనుకుందాం. రాత్రి మనిషి రావాలి, ఏ మందు వేశారో, విరేచనం అయిందో లేదో, షుగర్ ఎంత ఉందో చెప్పి వెళ్లాలి. రోజుకు ఇరవై నిమిషాలు ఎక్కువైతే నెలకు 26 రోజుల్లో 8 గంటల 40 నిమిషాలు. ఏడాదికి 104 గంటలు. అంటే పన్నెండు గంటల షిఫ్టులు దాదాపు తొమ్మిది! వాటికి ఎవరూ డబ్బు ఇవ్వరు. ఆమె కూడా అడగదు. అడిగితే రేపట్నుంచి వేరే మనిషిని పంపుతారేమోనని భయం.

ఇంట్లోనే ఉండే ‘24 గంటల’ కేర్‌టేకర్ల సంగతి మరీ కష్టం. పుండ్లు పడకుండా మంచంలోని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పమంటారు. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు... ఇలా తిప్పే మనిషికి ఏ రాత్రీ రెండు గంటల నిద్ర కూడా వరసగా పట్టదు.

నష్టం ఇద్దరికీ

వేళ తప్పిన తిండితో ఎసిడిటీ, నీరసం. మాటిమాటికీ బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గిస్తే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు. ఎత్తి దించే పనికి అలసట తోడైతే నడుంనొప్పి. ఇది ఆమె బాధ.

ఆకలితో, నిద్రమత్తుతో ఉన్న మనిషి పెద్దాయనను మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు చేయి జారితే? ఉదయం మాత్ర రాత్రి వేస్తే? తొందరలో చెంచా పెద్దది పెడితే? ఆ నష్టం మీ నాన్నగారికి. అందుకే ఆమె భోజనాన్ని కూడా ఆయన వైద్యంలో భాగంగానే చూడాలి.

మీరేం చేయొచ్చు?

• మందుల టైంటేబుల్‌లోనే ఆమె భోజన వేళ కూడా రాయండి. ఆ అరగంట ఇంట్లో ఒకరు గదిలో కూర్చోండి.

• ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉంటే, ఆ కాసేపు చూసుకునేలా పనమ్మాయితో మాట్లాడి విడిగా డబ్బు ఇవ్వండి.

• ఎక్కడ కూర్చుని తినాలో, ఏ బాత్రూం వాడుకోవాలో మొదటి రోజే చూపించండి. నీళ్ల సీసా ఆమె చేతికి అందేచోట ఉంచండి.

• వచ్చిన, వెళ్లిన సమయం నోటుబుక్కులో రాయండి. అదనపు సమయానికి నెలాఖరున లెక్కకట్టి ఇవ్వండి.

• ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు విరామం, వారపు సెలవు, అదనపు గంటల రేటు అడగండి. మీరిచ్చే దాంట్లో ఆమె చేతికి ఎంత వెళ్తుందో కూడా తెలుసుకోండి.

• రాత్రికి వేరే మనిషిని పెట్టే స్తోమత లేకపోతే కనీసం ఒక వంతు మీరు తీసుకోండి. పగలు ఆమెకు నాలుగు గంటలైనా వరసగా పడుకునే వీలు కల్పించండి.

• విదేశాల్లో ఉండి కెమెరాలో చూస్తున్నారా? ఆమె కూర్చుని కనిపిస్తే వెంటనే ఫోన్ చేయకండి. తింటూ ఉండొచ్చు.

కేర్‌టేకర్‌ను పెట్టుకోవడం మధ్యతరగతి ఇంటికి పెద్ద ఖర్చే. కాదనలేం. కానీ ఈ జాబితాలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. ఈ రోజు మధ్యాహ్నం గదిలోకి వెళ్లి, ‘నేను కూర్చుంటాను, నువ్వు వెళ్లి తినిరామ్మా’ అనండి. ఆ అరగంట నాన్నగారితో కబుర్లు చెప్పే అవకాశం మీకూ దొరుకుతుంది.